కలిసి పేర్చుదాం – బతుకమ్మ నేర్పే ఐక్యత
(వికారాబాద్, తాండూరు శాఖల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు "సభ్యుల్లో ఐక్యత" అనే అంశం ఇచ్చారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. నేను 33 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని. నాకు తెలిసిన దారిలోనే ఈ అంశాన్ని మీ ముందు పెడతాను. ఐక్యత గురించి ఉపన్యాసాలు వినడం వల్ల ఐక్యత రాదు. పది చేతులు ఒక వస్తువు మీద పడి, ఆ వస్తువు అందంగా తయారైనప్పుడు వస్తుంది. ఆ పద్ధతి మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. దాని పేరు బతుకమ్మ.

భోజనాల వరుసలు

ముందుగా మన సంగతి చెప్పుకుందాం. ఎవరూ నొచ్చుకోవద్దని మనవి. మన సంఘం సమావేశాల్లో భోజనాల వేళ నేను గమనిస్తూనే ఉన్నాను. వికారాబాద్ వారు ఒక వరుస, తాండూరు వారు ఒక వరుస. టీచర్లొక పక్క, రెవెన్యూ వారొక పక్క. కుటుంబ పెన్షనర్లు గోడవారగా కూర్చుని, తినేసి, బస్సు వేళయిందని లేచిపోతారు. కొట్లాట ఏమీ లేదు. పలకరింపులున్నాయి. అయినా ఏడాదికి రెండుసార్లు కలిసే మనుషులం ఒకరి ఇంటి గడప ఒకరం తొక్కం. మొన్న మన సభ్యుల్లో ఒకాయన ఆసుపత్రిలో చేరితే, పక్క వీధిలో ఉండే మన సభ్యుడికే పది రోజుల తర్వాత గాని తెలియలేదు.

కలిసి తింటే కలుపుగోలుతనం వస్తుందని మనం అనుకుంటాం. అది చాలదని ఒక ప్రయోగంలో తేలింది. 1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 22 మంది మగపిల్లలను ఒక శిబిరానికి తీసుకెళ్ళి రెండు జట్లుగా చేశాడు. పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చేసరికి రెండు జట్లకూ పడరాని పగ పుట్టింది. ఒకరి జెండాలు ఒకరు కాల్చుకున్నారు. తర్వాత వాళ్ళను కలపడానికి ఒకే చోట భోజనం పెట్టారు, సినిమా చూపించారు. పిల్లలు అన్నం విసురుకుని కొట్టుకున్నారు. చివరకు శిబిరానికి నీళ్ళు రాకుండా పోయినప్పుడు, లారీ కదలకుండా మొరాయించినప్పుడు, రెండు జట్లూ కలిసి చెయ్యి వేస్తే తప్ప పని జరగని స్థితి వచ్చింది. ఆ పనుల మీద పనులు చేశాక పిల్లలు ఒక్కటయ్యారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎక్కువమంది ఒకే బస్సులో పోదామన్నారు.

ఇందులో మనకు మూడు సంగతులున్నాయి. పోటీ పెడితే చీలిక వస్తుంది. ఊరికే ఒక చోట కూర్చోబెడితే చీలిక పోదు. ఎవరికి వారు విడిగా చేసుకోలేని పని అప్పజెబితే మనుషులు దగ్గరవుతారు.

బతుకమ్మలో పని పంపకం

ఇప్పుడు బతుకమ్మను ఈ కంటితో చూడండి. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ. 2014లో తెలంగాణ ఏర్పడిన తర్వాత దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ఈ సంగతులు మీకందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది దాన్ని పేర్చే విధానం గురించి.

పెద్ద బతుకమ్మను ఒక్క మనిషి పేర్చలేదు. పొద్దున్నే గట్ల వెంట, గుట్టల వెంట తిరిగి పూలు తెచ్చేది మగవాళ్ళు, పిల్లలు. గునుగు కాడలు సమంగా కత్తిరించి కట్టలు కట్టడం ఒకరి పని. ఆ గునుగు కొనలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టడం ఇంకొకరి పని. తాంబాలంలో ఆకులు పరిచి, గుండ్రంగా మొదటి వరుస పెట్టేది ఇంట్లో చెయ్యి తిరిగిన పెద్దామె. ఒకరు పూలందిస్తుంటే ఒకరు పేరుస్తారు. నడుమ ఖాళీలో ఆకులూ, కత్తిరించగా మిగిలిన కాడలూ దట్టంగా కూరుతారు. ఈ కూరడం బయటికి కనపడని పని. అది గట్టిగా లేకపోతే పైన ఎంత మంచి పూలు పెట్టినా బతుకమ్మ ఒరిగిపోతుంది. ఒక్కో వరుసకూ చుట్టు కొంత తగ్గించుకుంటూ పోయి, పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మను నిలుపుతారు.

పువ్వుల సంగతి కూడా చూడండి. గునుగు అనేది చేలలో మొలిచే కలుపు. మన తాండూరు కందికి ఎంత పేరుందో మీకు తెలుసు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కంది చేలల్లో రైతు పీకి పారేసే మొక్కే గునుగు. తంగేడు ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు. బీడుల్లో, రాళ్ళల్లో దానంతట అదే పూస్తుంది. కలుపనీ, అడవిదనీ పక్కన పెట్టినవాటినే తెచ్చి వరుసగా పేరిస్తే దేవతయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు సెల్యూట్లు, రిటైరయ్యాక ఇంట్లో ఒక మూల కుర్చీ. ఈ స్థితిలో ఉన్న మనకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది.

ఇక ఆట దగ్గరికి వస్తే, వలయంలో మొదటి స్థానం, చివరి స్థానం ఉండవు. పాట చెప్పే ఆమె ఒక చరణం అంటే మిగతావారు "ఉయ్యాలో" అని అందుకుంటారు. పాట రానివాళ్ళు కూడా ఆ ఒక్క మాటతో పాటలో భాగమవుతారు. చప్పట్లు తప్పితే పక్కామె చూసి సరిచేస్తుంది. మా బడిలో గొంతు విప్పి పాఠం చదవని పిల్లలు బతుకమ్మ ఆడేటప్పుడు గట్టిగా పాడటం నేను ఎన్నోసార్లు చూశాను.

చివరి సంగతి అన్నిటికంటే పెద్దది. పొద్దంతా కష్టపడి పేర్చిన దాన్ని సాయంత్రం నీళ్ళలో వదిలేస్తాం. ఇంటికి తెచ్చుకునేది పసుపు కుంకుమలు, పంచుకునేది సత్తుపిండి, మలీద. వస్తువు మిగిలితే అది ఎవరింట్లో ఉండాలనే తగాదా వస్తుంది. వదిలేస్తే తగాదాకు తావు లేదు. ఈ నీతిని మన సంఘాల్లోని పదవులకు కూడా వర్తింపజేసుకుంటే బాగుంటుందని సభాముఖంగా మనవి చేస్తున్నాను.

నేను చూసిన ఒక బతుకమ్మ

1993లో నేను తాండూరు వైపు ఒక గ్రామంలో పనిచేస్తున్నాను. ఊరిపేరు చెప్పను. చుట్టూ నాపరాళ్ళ గనులు. మన ఇళ్ళల్లో కింద పరుచుకున్న బండలు అటువైపు నుంచి వచ్చినవే. పాత ఊరు ఒక పక్క, గనుల్లో పనిచేసే కూలీల గుడిసెలు ఒక పక్క. మధ్యలో ఒకటే కుళాయి. ఆ కుళాయి దగ్గర రోజూ పోట్లాటే. గుడిసెల ఆడవాళ్ళు ఊరి బతుకమ్మ వలయంలోకి వచ్చేవాళ్ళు కాదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. మన పాత ఊళ్ళల్లో ఒక్కో వాడకు ఒక్కో బతుకమ్మ ఉండేదన్న మాట నిజం. పండుగ గొప్పదని చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు.

ఆ ఏడు బడిలో పిల్లలు బతుకమ్మ పేరుస్తామన్నారు. రెండు వైపుల పిల్లలూ విడివిడిగా మొదలుపెట్టారు. ఊరి పిల్లలకు చేలున్నాయి కనుక గునుగు బోలెడు దొరికింది. తంగేడు మాత్రం గనుల పక్కన పోసిన రాళ్ళ కుప్పల మీద పూసింది. అది గుడిసెల పిల్లల చేతిలో ఉంది. మధ్యాహ్నానికి ఒక వైపు అంతా తెలుపు, ఒక వైపు అంతా పసుపు. రెండూ మోకాలెత్తు కూడా లేవలేదు. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి "టీచర్, కలిపేద్దామా?" అంది. నేను సరేనన్నాను, అంతే. సాయంత్రానికి నాలుగో తరగతి పిల్లవాడి ఎత్తు బతుకమ్మ లేచింది.

అంతెత్తు బతుకమ్మను చూడటానికి తల్లులు వచ్చారు. మొదట దూరంగా నిలబడ్డారు. గుడిసెల వైపు నుంచి వచ్చిన ఒకామె మంచి పాటకత్తె. కర్ణాటక సరిహద్దు వైపు మనిషి, తెలుగులో కన్నడం కలిసిన యాస. ఆమె పాట ఎత్తుకుంటే ఊరి ఆడవాళ్ళు ఉండబట్టలేక అందుకున్నారు. అలా ఒక్క వలయం అయింది.

ఆ ఒక్క సాయంత్రంతో కుళాయి తగాదా తీరిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మర్నాడు పొద్దున కూడా బిందెలు గలగలమన్నాయి. మారింది ఒకటే. అంతకుముందు "ఆ గుడిసెలోళ్ళు" అనేవారు. ఆ తర్వాత "ఆ పాట చెప్పే ఆమె", "ఫలానా పిల్ల తల్లి" అన్నారు. పేరు తెలిసిన మనిషితో తగాదా పడటానికీ, పేరు తెలియని మందతో తగాదా పడటానికీ తేడా ఉంది. పేరు తెలిస్తే తగాదాలో కూడా ఒక హద్దు ఉంటుంది.

సమ్మెలో బతుకమ్మ

మన ఉద్యోగులకు ఈ అనుభవం కొత్తది కాదు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె ప్రభుత్వ ఉద్యోగుల వరకు 42 రోజులు నడిచింది. మధ్యలోనే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ రోజుల్లో కార్యాలయాల ముందు, రోడ్ల మీద వంటావార్పు చేశాం, బతుకమ్మలాడాం. జీతం రాని నెలలో ఎవరింట్లో బియ్యముంటే వారు బియ్యం, ఎవరి పెరట్లో పూలుంటే వారు పూలు తెచ్చారు. అటెండర్ అక్క పాట చెబితే ఆఫీసరమ్మ అందుకుంది. అంతకుముందు పదేళ్ళు ఒకే కప్పు కింద పనిచేసి కూడా వాళ్ళిద్దరూ అలా ఒకరి చేతులు చూసి ఒకరు చప్పట్లు కొట్టి ఉండరు. రాజకీయాల మాటెత్తడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజుల్లో మనలో కలిగిన దగ్గరితనానికి కలిసి చేసిన ఆ పనులు కూడా ఒక కారణమని గుర్తు చేస్తున్నాను.

తర్వాత బతుకమ్మ పెద్దదైంది. 2016 అక్టోబరు 8న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్ళు ఒక్కసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. మన పిల్లలు లండన్‌లోనూ, డల్లాస్‌లోనూ తంగేడు దొరకక అక్కడి పూలతోనే పేర్చుకుంటున్నారు. సంతోషమే. అయితే మన వీధుల్లో జరుగుతున్నదీ చూడాలి. పేర్చిన బతుకమ్మలు బజారులో అమ్మకానికి వస్తున్నాయి. చేలల్లో కలుపు మందులు కొట్టాక గునుగు దొరకడం లేదు. తంగేడు పూసే బీళ్ళు ప్లాట్లయ్యాయి. పాట చెప్పే మనిషి స్థానంలో పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు వచ్చాయి. ఎత్తయిన బతుకమ్మకు బహుమతి అంటూ పోటీలు పెడుతున్నారు. కొనుక్కొస్తే పేర్చే పని పోయింది, బాక్సు పాడితే అందుకునే పని పోయింది, బహుమతి వస్తే పక్కింటామె పోటీదారయింది. ఇక మనుషుల్ని కలిపేది ఏం మిగిలింది?

వలయం బయట నిలబడినవాళ్ళు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ మాట కోసమే నేను ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నాను.

మన సంఘంలో కుటుంబ పెన్షనర్లున్నారు. భర్త పోయిన ఆడవాళ్ళు. చందా అందరిలాగే కడతారు. కొన్ని ఇళ్ళల్లో, కొన్ని వీధుల్లో బతుకమ్మ రోజు వాళ్ళు గడప దగ్గర నిలబడి చూస్తారు. ఎవరూ రావద్దని అనరు. రమ్మని కూడా అనరు. జీవితమంతా తాంబాలంలో మొదటి వరుస పెట్టిన చేతులవి. ఒక్క రోజుతో ఆ చేతులు పువ్వుకు పనికిరాకుండా పోయాయా? బతుకమ్మ పేరులోనే బతుకుంది. బతికున్న ఏ ఆడమనిషినీ ఆ వలయం బయట నిలబెట్టే హక్కు మనకు లేదు. నా భర్త పోయి ఆరేళ్ళయింది. మొదటి ఏడు నేనూ గడప దగ్గరే నిలబడ్డాను. రెండో ఏడు మా వీధిలో ఒక ముసలామె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అందుకే చెబుతున్నాను.

అలాగే మగవారు. "ఆడవాళ్ళ పండుగ, మాకేం పని?" అని పేపరు పట్టుకుని కూర్చుంటారు. పూలు తేవడం, కాడలు కత్తిరించడం, తాంబాలం మోయడం ఎప్పటినుంచీ మీ పనులే.

ఇక మన సంఘంలోని ముస్లిం, క్రైస్తవ సోదరీ సోదరులు. మన ఊళ్ళల్లో పీర్ల పండుగకు హిందువులు పీర్లనెత్తుకోవడం, అలావా చుట్టూ ఆడటం మనమంతా చూసిన సంగతే. అయినా గౌరమ్మ పూజ అనేది ఒక మతానికి చెందింది. ఇష్టమున్నవారు పూలు తెచ్చి ఆటలో కలవొచ్చు, లేనివారిని మొగమాటపెట్టడం తగదు. బలవంతంగా తెచ్చిన ఐక్యత నిలవదు. కనుక అందరూ కలవగలిగిన రెండో పని ఒకటి కావాలి. దానికి నాకు బొంత గుర్తొచ్చింది.

పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, నలుగురు నాలుగు అంచుల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటూ కుట్టే బొంత మన అమ్మమ్మలందరి ఇళ్ళల్లో ఉండేది. హిందువుల ఇల్లా, ముస్లింల ఇల్లా అని బొంతకు భేదం లేదు. దీన్ని పెద్ద ఎత్తున చేసినవాళ్ళున్నారు. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవారి జ్ఞాపకార్థం ఒక్కొక్కరి పేరున మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గుడ్డ కుట్టి, అన్నీ కలిపి 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచారు. ఆనాడు 1,920 ముక్కలు. తర్వాత అవి సుమారు 50,000 అయ్యాయి. సమాజం దూరం పెట్టిన మనుషుల పేర్లు దేశం నడిబొడ్డున అందరూ చదివారు. పోయినవారి బట్టలు ఆ గుడ్డల్లో ఉన్నాయి.

నా ప్రతిపాదన

కార్యవర్గం ముందు నేను పెడుతున్న ప్రతిపాదన ఇది.

ఒకటి: ఈ ఏడు ఎంగిలిపూల నాడు రెండు శాఖలూ కలిసి ఒకే బతుకమ్మ పేర్చాలి. తంగేడు అనంతగిరి వైపు నుంచి వికారాబాద్ వారు తేవాలి. గునుగు కంది చేల గట్ల నుంచి తాండూరు వారు తేవాలి. కొన్న పూలు వద్దు. మొదటి వరుస కుటుంబ పెన్షనర్లయిన తల్లుల చేత పెట్టించాలి. బహుమతులు, సౌండ్ బాక్సులు వద్దు. పాట వచ్చిన పెద్దవాళ్ళు మనలోనే ఉన్నారు. మనవరాళ్ళను వెంట తీసుకురండి, వాళ్ళకు పాట అబ్బేది ఇక్కడే.

రెండు: ప్రతి సభ్యుడి ఇంటి నుంచి ఒక పాత గుడ్డ ముక్క. చీర కావొచ్చు, ఖాకీ చొక్కా కావొచ్చు, పోయినవారి పంచె కావొచ్చు. నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుని బొంత కుట్టాలి. ఒక నెల వికారాబాద్‌లో, ఒక నెల తాండూరులో. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు, రైలుంది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు కనపడనివాళ్ళకు మనవళ్ళు ఎక్కిస్తారు. చలికాలం వచ్చేసరికి కుట్టిన బొంతలను ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట వచ్చి నేల మీద పడుకునేవారికి ఇచ్చేద్దాం. బతుకమ్మలాగే ఇది కూడా మన దగ్గర మిగలకూడదు.

దీనివల్ల లాభమేమిటని అడగవచ్చు. నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుంటే ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి లైఫ్ సర్టిఫికెట్ ఆగిందో, ఎవరి పిల్లలు ఫోన్ చేయడం మానేశారో తెలుస్తుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషి సంగతి పది రోజుల తర్వాత తెలిసే దుస్థితి తప్పుతుంది. రేపు ఏదైనా న్యాయమైన కోరిక కోసం అందరం కలిసి నిలబడవలసి వస్తే, అప్పటికే ఒకరి చేతిపని ఒకరికి తెలిసి ఉంటుంది.

బతుకమ్మను ఎక్కడ వదలాలని మీలో మీరు చర్చించుకోవడం నాకు వినిపిస్తోంది. వికారాబాద్‌లోనా, తాండూరులోనా అని. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కనుంచి పోయే కాగ్నా పడమరగా పోయి భీమలో, భీమతో కలిసి కృష్ణలో కలుస్తుంది. ఎక్కడ వదిలినా నీళ్ళు చేరేది ఒక్క చోటికే. కనుక ఈ ఏడు తాండూరులో, పై ఏడు వికారాబాద్‌లో అని పెట్టుకుంటే చాలు. అందుకు ఓటింగు అవసరం లేదు.

పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర రాయించండి. మగవారి పేర్లు కూడా రాసుకుంటారు. గుడ్డ ముక్కలు వచ్చే నెల పెన్షన్ తీసుకోవడానికి వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వవచ్చు. ఉతికి తెస్తే మేలు.